రికర్వ్ నుంచి లాంగ్‌బోకు: ఒక ఎడమచేతి పట్టు కుదరడానికి పట్టిన ఐదు నెలలు

తొమ్మిదేళ్ళు రికర్వ్ విల్లుతో (కొనలు ముందుకు వంగి ఉండేది) పోటీల్లో పాల్గొన్న ఒక ఆర్చర్ లాంగ్‌బో (పొడవాటి సాదా విల్లు) నేర్చుకుంటానని నా దగ్గరకు వచ్చారు. వయసు 38, కుడిచేతి వాటం. సైట్ (గురి చూసే సాధనం), క్లిక్కర్ (నారిని చాలినంత లాగామని టక్కుమని చెప్పేది), స్టెబిలైజర్ (విల్లును నిలకడగా ఉంచే కడ్డీ) అన్నీ పక్కన పెట్టి, విల్లూ నారీ తప్ప మరేమీ లేనప్పుడు తన గురి ఎంతవరకు నిలుస్తుందో చూసుకోవాలన్నది ఆమె కోరిక. అప్పటికే మూడు వారాలు సొంతంగా సాధన చేశారు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. బొటనవేలి మొదట్లో నొప్పి. బాణాలు ఎక్కువగా టార్గెట్‌కు ఎడమవైపు చెదిరిపోతున్నాయి.

“నా రిలీజ్ పాడైపోయింది మాస్టారూ. కుడిచేతిని సరిచేయండి చాలు” అన్నారు.

రిలీజ్ అంటే నారిని వదిలే తీరు. ఆమె కుడిచెయ్యి చక్కగా ఉంది. తొమ్మిదేళ్ళ సాధన అందులో కనిపిస్తూనే ఉంది. నేను చూడవలసింది విల్లు పట్టే ఎడమచేతినే అని మొదటి ఆరు బాణాలకే అనిపించింది. అయితే ఆ ఎడమచేతి విషయంలో నేనూ ఒక తప్పు చేశాను. ఆ తప్పు వల్ల రెండు వారాలు పోయాయి. ఈ కేసు వివరంగా రాయడానికి అదే ముఖ్య కారణం.

రెండు పిడుల మధ్య తేడా

రికర్వ్ రైజర్ (విల్లు మధ్యభాగం) మీది పిడి చేతికి సగం పాఠం తానే చెబుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే వంపు ఇమిడేలా దానికి లోతైన మెడ ఉంటుంది. మెడ కింద పిడి వెడల్పై ఏటవాలుగా దిగుతుంది. అరచేతిలో ఆయుర్రేఖకు బొటనవేలి వైపున్న కండ ఆ ఏటవాలు మీద ఆనుతుంది. ఆయుర్రేఖ దాటి పిడి లోపలికి రాకూడదని కొత్తవాళ్ళకు తొలి పాఠాల్లోనే చెబుతాం. వేళ్ళ కణుపులు సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటాయి. వేళ్ళు వదులుగా వేలాడుతుంటాయి, ఎందుకంటే విల్లు కింద పడకుండా చూసే పని వేళ్ళకు కట్టుకునే తాడుది, అంటే ఫింగర్ స్లింగ్‌ది.

లాంగ్‌బో పిడిలో ఈ సాయం ఏదీ లేదు. ఆమె కొనుక్కున్నది 66 అంగుళాల విల్లు, నారిని 28 అంగుళాలు లాగి పట్టుకోవడానికి కావలసిన బలం 35 పౌండ్లు. బాణం ఆనడానికి చిన్న షెల్ఫ్ కోసి ఉంది. దాని కింద తోలు చుట్టిన, దాదాపు నిటారుగా ఉన్న పిడి. మెడ లేదు, ఏటవాలు లేదు. చెయ్యి ఒక అంగుళం పైకి జరిగినా కిందికి జరిగినా ఆ పిడి అభ్యంతరం చెప్పదు. తేడా బాణం వెళ్ళి గుచ్చుకున్నాకే తెలుస్తుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. స్టెబిలైజర్లన్నీ బిగించిన ఆమె రికర్వ్ రెండున్నర కిలోలకు పైనే. ఈ లాంగ్‌బో 600 గ్రాములు. బరువైన విల్లును మణికట్టు కాస్త మెలితిప్పినా అది నెమ్మదిగా తిరుగుతుంది, అది తిరిగేలోపే బాణం వెళ్ళిపోతుంది. తేలికైన విల్లు అంత ఆగదు. చేతిలోని ప్రతి చిన్న అలజడీ బాణానికి చేరుతుంది. రికర్వ్‌లో ఏళ్ళ తరబడి దాగి ఉన్న పట్టు లోపాలు లాంగ్‌బో పట్టిన మొదటి రోజే బయటపడటానికి కారణం ఇదే. ఆ లోపాలు కొత్తగా పుట్టినవి కావని శిష్యులకు చెప్పడం శిక్షకుడి బాధ్యత. లేకపోతే వాళ్ళు తమ తొమ్మిదేళ్ళ శ్రమనే అనుమానిస్తారు. ఆమె అప్పటికే అనుమానించడం మొదలుపెట్టారు.

మొదటి పరీక్ష

ఆమె రికర్వ్ అలవాటుతో మణికట్టును ఎత్తుగా ఉంచి పడుతున్నారు. రికర్వ్ పిడిలో మెడ కింది కండకు కూడా ఆధారం దొరుకుతుంది. నిటారు పిడి మీద అదే భంగిమ పెడితే 35 పౌండ్ల ఒత్తిడంతా బొటనవేలి పక్క వంపులోని ఇరుకైన చోట పడుతుంది. చర్మం కందింది అందుకే. పైగా ప్రతి బాణానికీ చెయ్యి కొద్దికొద్దిగా కిందికి జారుతోంది.

ఎడమకు పోవడానికి మాత్రం రెండు కారణాలు ఉండవచ్చు. ఆమె విల్లులో షెల్ఫ్‌ను మధ్యగీత దాకా కోయలేదు, కాబట్టి బాణం పిడి చుట్టూ వంగి వెళ్ళాలి. బాణపు కర్ర అవసరమైన దానికంటే గట్టిదైతే సరిగ్గా వంగదు, కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమవైపు పోతుంది. చెయ్యి బిగిసినా ఎడమకే పోతుంది. అందుకని ఒక మెట్టు మెత్తని కర్రలతో చేసిన కలప బాణాలు తెప్పించి, పాతవాటితో కలిపి వేయించాను. మెత్తని బాణాల గుంపు కొంచెం కుడికి జరిగింది కానీ గుంపు విస్తృతి తగ్గలేదు. దానితో అసలు సంగతి తేలింది. బాణం తప్పైతే అన్నీ కలిసి ఒకే పక్కకు పోతాయి. చెయ్యి తప్పైతే ఒక్కోటి ఒక్కో దూరం పోతుంది. కొత్త విల్లు పట్టగానే బాణాల మీద డబ్బు పోసేవాళ్ళను చాలామందిని చూశాను. పట్టు కుదరకముందు బాణాలు మార్చితే దేనివల్ల ఏం మారిందో ఎప్పటికీ తెలియదు.

తరువాత ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో ఆమె ఎడమచేతిని దగ్గరగా వీడియో తీశాను. నారి వదిలిన తరువాత బాణం విల్లును దాటిపోవడానికి సుమారు 15 నుంచి 20 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఆ వేగంలో నాలుగైదు ఫ్రేములు. మన శరీరం దేనికైనా స్పందించడానికి 100 మిల్లీసెకన్లకు పైనే కావాలి. కాబట్టి ఆ నాలుగైదు ఫ్రేముల్లో చెయ్యి ముడుచుకుంటే అది విల్లు కుదుపుకు స్పందించడం కాదు, ముందే తీసుకున్న నిర్ణయం. వీడియోలో ఆమె వేళ్ళు ఇంకా ముందే, నారి కుడిచేతి వేళ్ళ మీద ఉండగానే, పిడి మీదకు మూసుకోవడం మొదలుపెట్టాయి.

కారణం ఆమే చెప్పారు. “స్లింగ్ లేదు కదా మాస్టారూ, విల్లు పడిపోతుందేమోనని.”

తొమ్మిదేళ్ళు స్లింగ్‌ను నమ్మి వేళ్ళు వదిలేసిన చెయ్యి అది. ఇప్పుడు ఆధారం తీసేస్తే ఆఖరి క్షణంలో తానే పట్టుకోవాలని చూస్తోంది. లాంగ్‌బోకు కూడా స్లింగ్ కట్టుకోవచ్చు కదా అని ఆమె అడిగారు. కట్టుకుంటే సమస్య కొంతకాలం కనిపించకుండా పోతుంది. ఆమెకు కావలసింది అది కాదని ఇద్దరం ఒప్పుకున్నాం.

నేను చేసిన తప్పు

లాంగ్‌బో అనగానే శిక్షకుల నోట వచ్చే మొదటి సలహా ఒకటుంది: మణికట్టు దించి, అరచేతి మడమను (మణికట్టుకు ఆనుకుని ఉన్న అరచేతి కింది భాగాన్ని) పిడికి ఆనించి, సూట్‌కేసు పట్టుకున్నట్టు పట్టుకోమని. నిటారు పిడి లాంగ్‌బోలకు పేరు తెచ్చిన హోవార్డ్ హిల్ పద్ధతిని అనుసరించేవాళ్ళు ఇలాగే పడతారు. మోచేయి కొంచెం వంచి, విల్లును పక్కకు వాల్చి, మొత్తం శరీరాన్ని దానికి తగ్గట్టు నిలబెడతారు. ఆ పద్ధతిలో అన్నీ ఒకదానికొకటి అమరి ఉంటాయి. నేను ఆమెకు అందులోంచి పట్టు ఒక్కటే తీసి ఇచ్చాను. నిలబడే తీరు, మోచేయి, నిటారుగా పట్టిన విల్లు, అన్నీ రికర్వ్‌వే ఉంచాను.

బొటనవేలి నొప్పి నాలుగు రోజుల్లో తగ్గింది. దానితో నేను సరైన దారిలోనే ఉన్నానని అనుకున్నాను. రెండో వారానికి ముంజేతి లోపలివైపు పెద్ద కమిలిన మచ్చ వచ్చింది. ఎడమకు పోయే బాణాలు తగ్గాయి కానీ ఆరింటిలో ఒకటి రెండు అనుకోకుండా బాగా పైకి పోతున్నాయి.

రెండింటికీ కారణం నా సలహాయే. పిడిని అరచేతిలో లోతుగా పట్టినప్పుడు ముంజేయి లోపలికి తిరుగుతుంది, మోచేతి లోపలి భాగం నారి దారిలోకి వస్తుంది. రికర్వ్‌లో నారికీ పిడికీ మధ్య దూరం ఆమెకు దాదాపు 8.75 అంగుళాలు ఉండేది. ఈ విల్లుకు 7 అంగుళాలే. అంటే నారి చేతికి మరింత దగ్గర దాకా వస్తుంది. హిల్ పద్ధతిలో మోచేయి వంచడం, విల్లు వాల్చడం ఈ ఇబ్బందిని తప్పిస్తాయి. చాచిన చేతితో, నిటారు విల్లుతో ఆ రక్షణ లేదు. ఇక పైకి పోవడం మడమ ఒత్తిడి వల్ల. అరచేతి మడమ పిడి కింది భాగాన్ని ముందుకు నెడితే విల్లు పైకొన ఆర్చర్ వైపు వాలుతుంది, బాణం ముఖం లేస్తుంది. ప్రతిసారీ ఒకేలా నెడితే అలవాటైపోతుంది. ఆమె చెయ్యి ఒకసారి నెడుతోంది, ఒకసారి కేవలం ఆనుతోంది.

నేను ఆమెకు క్షమాపణ చెప్పి, పది రోజులు విల్లు ముట్టుకోవద్దని చెప్పాను. ముంజేతి మచ్చ మానాలి. దెబ్బ తగులుతుందన్న భయం చేతిలో ఒకసారి స్థిరపడితే ఏ పట్టూ నిలవదు.

సుద్దపొడి చెప్పిన నిజం

తిరిగి మొదలుపెట్టిన రోజు పిడికి నల్లని టేపు చుట్టి, ఆమె అరచేతికి సుద్దపొడి రాశాను. ఒక్కో బాణం వేశాక పిడి మీద తెల్లటి గుర్తును ఫోటో తీసి, తుడిచేసి, మళ్ళీ వేయించాను. ఆరు బాణాలకు గుర్తులు నాలుగు వేరువేరు చోట్ల పడ్డాయి. ఒకటి షెల్ఫ్‌కు దగ్గరగా, మరొకటి దాదాపు ముప్పావు అంగుళం కింద. ఆ ఫోటోలు వరుసగా చూశాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఇంతవరకు ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయానని అప్పుడు అర్థమైంది. ఆమె చేతికి అసలు చోటే తెలియలేదు. చోటు తెలియని చేతికి ఎత్తు పట్టైనా, దింపిన పట్టైనా ఒకటే.

చోటు కనుక్కోవడానికి విల్లు లేకుండా మొదలుపెట్టాం. తెరిచిన తలుపు అంచుకు ఎదురుగా నిలబడి, చెయ్యి చాచి, బొటనవేలి పక్క వంపును అంచుకు ఆనించి నెమ్మదిగా ఒంటి బరువు మోపమన్నాను. కళ్ళు మూసుకుని. ఎటూ జారకుండా, మణికట్టు కండరాలు బిగించకుండా బరువు నిలిచే చోటు ఒకటి ప్రతి చేతికీ ఉంటుంది. ముంజేతి ఎముకల వరుసలో, బొటనవేలి మొదటి కండ కింద. ఆమెకు అది రికర్వ్‌లో ఆనించే చోటుకు కొంచెం కింద, మడమకు కాస్త పైన వచ్చింది. అక్కడ పెన్నుతో చుక్క పెట్టాం. రోజూ ఉదయం ఆ చుక్క మళ్ళీ పెట్టుకునేవారు.

తరువాత ఎత్తు, దింపిన, మధ్యస్థ పట్టులు మూడింటినీ మూడు వేరు రోజుల్లో, పది మీటర్ల దూరంలో, రోజుకు 36 బాణాల చొప్పున వేయించాను. ఎత్తు మణికట్టుతో వేసిన రోజు సుద్ద గుర్తు మెల్లగా కిందికి దిగుతూ పోయింది. పూర్తిగా దింపిన రోజు గుర్తు పెద్దదిగా, పిడి నిండా అలముకున్నట్టు ఉంది. అంత విశాలమైన గుర్తులో ఒత్తిడి ఎక్కడ ఎక్కువో చెయ్యి పోల్చుకోలేదు. మధ్యస్థంగా, మడమ పిడికి తగిలి నెట్టకుండా ఉన్నప్పుడు గుర్తు రూపాయి బిళ్ళంత చుక్కగా, చాలాసార్లు ఒకే చోట పడింది. ఆ రోజు బాణాల గుంపు గొప్పగా ఏమీ లేదు. అయినా నేను ఆ పట్టునే ఎంచుకున్నాను. కొత్త పట్టుకు మొదటి రోజు గుంపు సాక్ష్యం కాదు. అలవాటైన పట్టు ఎంత తప్పైనా ఆ రోజుకు అదే బాగా వేస్తుంది. పిడి మీద గుర్తు మాత్రం మొదటి రోజు నుంచే నిజం చెబుతుంది.

పిడికి చేసిన మార్పు

ఆమె చేతిని విల్లుకు తగ్గట్టు మార్చడం ఒక దారి, విల్లును చేతికి తగ్గట్టు మార్చడం ఇంకొకటి. తొమ్మిదేళ్ళుగా తీర్చిదిద్దిన చేతిని మొత్తంగా కొత్తది చేయాలనుకోవడం నాకు న్యాయం అనిపించలేదు. పిడి కింది సగంలో, మడమ తగిలే చోట, 3 మిల్లీమీటర్ల మందం బెరడు (కార్క్) ముక్కను టేపుతో అంటించాం. దానితో మణికట్టు పూర్తిగా పడిపోకుండానే మడమకు పిడి అందుతుంది. పైన మెడ ఉండవలసిన చోట రెండు వరసల దారం చుట్టి చిన్న గట్టు చేశాం. చూపుడువేలి పైభాగం దాన్ని తాకితే చెయ్యి చోటులో ఉన్నట్టు.

జిగురు పెట్టకుండా పన్నెండు రోజులు టేపుతోనే వాడమన్నాను. ఈ ఓపిక అందరికీ చెబుతాను. మొదటి రోజు హాయిగా అనిపించిన మందం ఐదో రోజుకు ఎక్కువనిపిస్తుంది. ఆమె విషయంలోనూ బెరడును గరుకు కాగితంతో రుద్ది రెండుసార్లు పలచన చేయవలసి వచ్చింది. చివరకు అంటించి పైన మెత్తని తోలు చుట్టాం. పోటీల్లో పాల్గొనేవాళ్ళు ఇలా చేసేముందు తమ విభాగం నిబంధనల్లో పిడి గురించి ఏముందో చదువుకోవాలి. లాంగ్‌బో అన్న పేరు ఒకటే అయినా నిర్వహించే సంస్థను బట్టి నియమాలు వేరు.

విల్లును కూడా సుమారు 15 డిగ్రీలు కుడికి వాల్చమన్నాను. అలా వాల్చితే మణికట్టు తనంతట తాను సహజమైన వాలులోకి వస్తుంది, బాణం షెల్ఫ్ మీద స్థిరంగా కూర్చుంటుంది. మోచేతి మడత నేలకు నిలువుగా ఉండేలా, విల్లు ఎత్తకముందే చేతిని తిప్పుకోవడం నేర్పాను. ఆ తరువాత నారి ముంజేతికి తగలలేదు.

మూసుకునే వేళ్ళ సంగతి అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకుంది. వదులుగా తెరిచి ఉంచమంటే చివరి క్షణంలో మూసుకుంటున్నాయి. అందుకని మొదటి నుంచీ మూసే ఉంచమన్నాను. బొటనవేలి కొన, చూపుడువేలి కొన పిడి ముందు ఒకదాన్నొకటి తాకాలి. మధ్యవేలు పిడికి ఆని ఉంటుంది. మిగతా రెండూ ముడుచుకుని పక్కన ఉంటాయి, లాగవు. ఎంత గట్టిగా పట్టాలని అడిగితే, నడక నేర్చే పాపాయి వేలు పట్టుకుని నడిపించేటంత అని చెప్పాను. జారిపోకూడదు, నొప్పి పెట్టకూడదు. ముందే మూసుకున్న చేతికి ఇక మూసుకోవలసిన పని లేదు.

ఆ పట్టుతో మూడు వారాలు నాలుగు మీటర్ల దూరంలో, గురి కాగితం లేని ఖాళీ గడ్డి టార్గెట్ మీద, రోజుకు ముప్ఫై నలభై బాణాలు. వాటిలో సగం బాణాలు కళ్ళు మూసుకుని. ఐదింటిలో ఒక బాణాన్ని వదలకుండా, నిండా లాగి మూడు లెక్కపెట్టి నెమ్మదిగా దించేయాలి. ఏది వదిలేదో ఏది దించేదో నేనే చివర్లో చెప్పేవాడిని. దించబోయే బాణానికి కూడా వేళ్ళు బిగిస్తే అది భయం అని ఆమెకే తెలిసిపోయేది. బాణం లేకుండా నారిని లాగి వదిలేయడం మాత్రం ఏ సాధనలోనూ చేయకూడదు. బాణానికి పోవలసిన బలమంతా విల్లులోనే ఉండిపోయి అది విరగవచ్చు.

తరువాత సరిచేసినవి

పట్టు కుదిరాక మిగతా లెక్కలు మారాయి. ఆమె లాగుడు 28.25 అంగుళాల నుంచి 27.5కు తగ్గింది. అంగుళానికి రెండు, రెండున్నర పౌండ్లు తేడా వచ్చే విల్లు కాబట్టి వేళ్ళ మీద బరువు దాదాపు రెండు పౌండ్లు తగ్గినట్టు. అప్పుడు అవే బాణాలు గట్టివిగా ప్రవర్తించాయి, గుంపు మొత్తం ఎడమకు జరిగింది. ఈసారి గుంపు చెదరలేదు, అలాగే కలిసి జరిగింది. నేను ఎదురుచూసిన గుర్తు అదే. కర్రలు మార్చకుండా 100 గ్రెయిన్ల (గ్రెయిన్ బాణపు మొనల బరువు కొలత) మొనల స్థానంలో 125 గ్రెయిన్ల మొనలు పెట్టాం. ముందు బరువు పెరిగితే కర్ర మెత్తగా వంగుతుంది. గుంపు మధ్యకు వచ్చింది. షెల్ఫ్ తోలు మీద బాణం తగిలి పడిన గీత కనిపించడంతో నాకింగ్ పాయింట్‌ను (నారి మీద బాణం తొడిగే చోటును) రెండు మిల్లీమీటర్లు పైకి జరిపాం. చెయ్యి నెట్టే చోటు మారితే పైలింబ్, కింది లింబ్ (పిడికి పైనా కిందా వంగే భాగాలు) పంచుకునే భారం కూడా మారుతుంది. కాబట్టి పట్టు మార్చిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి.

నాలుగో నెలాఖరుకు 20 మీటర్ల దూరంలో ఆరు బాణాలు రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత మేరలో పడుతున్నాయి. నాకు అంతకంటే ఆనందం ఇచ్చింది ఇంకోటి ఉంది. ఒకరోజు ఆమె నన్ను అడగకుండానే సుద్దపొడి రాసుకుని, పన్నెండు బాణాలు వేసి, ఫోటోలు పంపారు. పదింటిలో గుర్తు ఒకే చోట ఉంది. మిగతా రెండూ ఏ బాణాలవో ఫోటో చూడకముందే తనకు తెలిసిందని రాశారు.

షెల్ఫ్ లేని ఇంగ్లిష్ లాంగ్‌బో కూడా ఆ నెలలోనే ఆమె ప్రయత్నించారు. అందులో బాణం ఆర్చర్ చేతి మీదే ఆనుతుంది. చెయ్యి ఐదు మిల్లీమీటర్లు జరిగితే బాణం ఎత్తూ అంతే జరుగుతుంది, కాబట్టి చోటు తెలియడం ఇంకా ముఖ్యం. పిడి మీద దారపు గట్టు అక్కడ కూడా పనికొచ్చింది. ఈకల ముందుకొన చేతిని కోయకుండా అక్కడ జిగురు చుక్క పెట్టి నున్నగా చేయడం, చేతికి తోలు తొడుగు వేసుకోవడం మాత్రం మరచిపోకూడదు.

ఐదో నెల చివర ఇంకా రెండు సమస్యలు ఉన్నాయి. ఆమె రికర్వ్ మానలేదు, మానమని నేనూ చెప్పలేదు. అయితే ఒకే రోజు రెండు విల్లులూ పడితే లాంగ్‌బో మొదటి డజను బాణాల్లో మణికట్టు మళ్ళీ పైకి లేస్తోంది. ప్రస్తుతానికి రెండింటికీ వేరు రోజులు పెట్టుకున్నాం. లాంగ్‌బో రోజు విల్లు తీసేముందు తలుపు అంచు దగ్గర పది సార్లు చెయ్యి మోపడం తప్పనిసరి. రెండోది, వాలు నేల మీద నిలబడి కిందికి వేసేటప్పుడు ఆమె నడుము దగ్గర వంగకుండా చేతిని మాత్రమే దించుతున్నారు. అప్పుడు మడమ పిడిని నెడుతుంది, బాణం పైనుంచి పోతుంది. వచ్చే వారం నుంచి వాలు మీదే సాధన. సుద్దపొడి డబ్బా మళ్ళీ తెమ్మని చెప్పాను.